తడబడుతూ చదివేవానికి రెండు పుణ్యాలు – మరి చదివించేవారికి?

దివ్యఖుర్ఆన్‌ను నైపుణ్యంతో, ధారాళంగా పఠించేవారు గౌరవనీయులైన దైవదూతల సహచర్యంలో ఉంటారని, తడబడుతూ, కష్టపడుతూ పఠించేవారికి రెండు పుణ్యాలు లభిస్తాయని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఒక పుణ్యం పఠించినందుకు, మరొకటి ఆ కష్టాన్ని భరించినందుకు అని ధర్మవేత్తలు వివరించారు.

ఈ హదీసు మనకు కొత్తది కాదు. వయసు మళ్లిన తర్వాత ఖుర్ఆన్ నేర్చుకునే పెద్దలకు ధైర్యం చెప్పడానికి మస్జిదుల్లో దీన్ని తరచుగా వినిపిస్తుంటాం. కాని అదే తడబాటు పదేళ్ల పిల్లవాని నోట వినిపించినప్పుడు మనకు ఈ హదీసు గుర్తుకు రాదు, బెత్తం గుర్తుకొస్తుంది. ఈ మాట ఇతరుల గురించి అనడం లేదు. మేమూ అలాగే చేశాము. ఆ సంగతి ముందు ఒప్పుకొని, తర్వాత మాట్లాడటమే న్యాయమని భావిస్తున్నాము.

వేలు ఒకచోట, నాలుక మరొకచోట

మేము ఎర్రగుంట్లలో సాయంత్రం మక్తబ్ నడిపిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. అస్ర్ నమాజు తర్వాత పిల్లలు వచ్చేవారు. మగ్రిబ్ అజాన్ దాకా పాఠం సాగేది. వారి తండ్రుల్లో కొందరు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు, కొందరు నాపరాళ్ల గనుల్లోనూ, బండల పాలిష్ మిషన్ల దగ్గరా కూలి చేసేవారు. తాము చదువుకోలేదు గనుక పిల్లలైనా నాలుగు అక్షరాలు నేర్చుకోవాలన్నది వారందరి ఆశ.

ఆ పిల్లల్లో ఒక అబ్బాయి ఉండేవాడు. చురుకైనవాడు. చెప్పిన కథ మరునాడు పొల్లుపోకుండా తిరిగి చెప్పేవాడు. చివరి పదిహేను సూరాలు కేవలం విని కంఠస్థం చేశాడు, ఉచ్చారణ కూడా చక్కగా ఉండేది. కాని నూరానీ ఖాయిదా తెరిస్తే చాలు, ముఖం వాడిపోయేది. బా, తా, సా అక్షరాలను నెలల తరబడి చెప్పినా ఒకదానికి బదులు మరొకటి పలికేవాడు.

ఒకరోజు 'అమ్మ పారా' తెరిచి చదవమన్నాము. గడగడా వినిపించాడు. వేలు చూస్తే మూడో పంక్తిలో ఉంది, నాలుక అయిదో పంక్తి పలుకుతోంది. అనుమానం వచ్చి, తెలియని పేజీ తెరిచి అడిగితే ఒక్క పదం కూడా కూడబలుక్కోలేకపోయాడు. ఇంతకాలం చదువుతున్నట్టు నటించాడని మాకు కోపం వచ్చింది. దైవగ్రంథం ముందు కూర్చుని మోసం చేస్తావా అని గద్దించాము. అరచేతి మీద రెండు దెబ్బలు కూడా వేశాము. ఆ అబ్బాయి ఏడవలేదు. తలవంచుకుని కూర్చున్నాడు, అంతే.

మరునాడు వాళ్లమ్మ వచ్చింది. తలుపు పక్కన నిలబడి, "హజరత్! వాణ్ణి కొట్టాకండి. వానికి తెలివి లేక కాదంట, అక్షరాల దగ్గరే వానికి కష్టమంట. బడిలో టీచరమ్మ చెప్పింది. మధ్యాహ్నం అన్నం గంట కొట్టినాక ఆమె వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని వేరేగా చెప్తా ఉంది" అంది.

మేము బడికి వెళ్లి ఆ టీచరును కలిశాము. ఆమె ముస్లిం కారు. పళ్లెంలో సన్నని ఇసుక పోసుకుని ఉన్నారు. ఒక్కొక్క అక్షరాన్ని ఆ అబ్బాయి చేత నోటితో పలికిస్తూ, వేలితో ఇసుకలో దిద్దిస్తున్నారు. మండల కేంద్రంలోని భవిత కేంద్రం నుంచి వచ్చే రిసోర్సు టీచరును అడిగి తాను ఈ పద్ధతి తెలుసుకున్నానని చెప్పారు. "మౌలానా గారూ, వాని కండ్లు, చెవులు డాక్టరుకు చూపించినాము, బాగున్నాయి. అక్షరం కంటికి కనపడుతుంది, శబ్దం చెవికి వినపడుతుంది. ఆ రెండింటికీ మధ్య దారి పడలేదు. మనం రోజూ నడిస్తేనే దారి పడుతుంది" అన్నారు. మమ్మల్ని ఆమె కోరింది ఒక్కటే, ఆ అబ్బాయిని కొట్టవద్దని.

రెండేళ్లు ఆమె ఆ దారి నడిచారు. రెండో సంవత్సరం చివర ఆ అబ్బాయి తెలుగు వాచకంలో ఒక పేజీని, మెల్లగానే అయినా, తనంతట తాను చదివాడు. అదే వేసవిలో మా మక్తబ్ వార్షిక జల్సా జరిగింది. హిఫ్జ్ పూర్తిచేసిన పిల్లలకు దస్తార్‌బందీ చేశాము. వారి ఉస్తాదులకు శాలువాలు కప్పాము. షామియానా ఇచ్చిన వారికి, భోజనాలు పెట్టించిన వారికి కూడా శాలువాలు కప్పాము. ఆ టీచరమ్మను పిలవాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. జూన్‌లో ఆమెకు వేరే మండలానికి బదిలీ అయింది.

అది డైస్లెక్సియా

ఆ అబ్బాయి ఇబ్బందికి డైస్లెక్సియా అని పేరు. తెలివి, చూపు, వినికిడి అన్నీ సరిగా ఉండి, తగిన బోధన అందుతున్నా, అక్షరాలను పదాలుగా చదవడంలో, తప్పుల్లేకుండా రాయడంలో ఎడతెగని కష్టం ఉండటాన్ని ఈ పేరుతో పిలుస్తారు. మాటను శబ్దాలుగా విడదీసి, ఒక్కొక్క శబ్దాన్ని దాని అక్షరంతో వేగంగా కలపడంలోనే చాలా మందికి అసలు చిక్కు ఉంటుంది. ఇది తరచుగా కుటుంబాలలో వస్తుంది. సోమరితనం వల్ల గాని, తల్లి గారాబం వల్ల గాని, దిష్టి వల్ల గాని వచ్చేది కాదు. నూటికి 5 నుంచి 10 మంది పిల్లల్లో ఇది ఏదో ఒక స్థాయిలో ఉంటుందని పరిశోధకులు సాధారణంగా అంచనా వేస్తారు. అంటే నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు నుంచి నలుగురు.

మన ఇళ్లలోని పిల్లల సంగతి కాస్త ఆలోచించండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. బడిలో తెలుగు, ఇంగ్లీషు రాస్తారు. మక్తబ్‌లో అరబీ చదువుతారు. తెలుగులో ప, వ, మ, య ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. గుణింతాలు తల మీద, ఒత్తులు కాళ్ల దగ్గర చేరతాయి. అరబీలో గిన్నెలాంటి ఒకే రూపానికి కింద ఒక చుక్క పెడితే బా, పైన రెండు పెడితే తా, మూడు పెడితే సా. ఉర్దూలో జేర్, జబర్, పేష్‌లను చాలాసార్లు రాయనే రాయరు. ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి. పైగా తెలుగు, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి, అరబీ, ఉర్దూ కుడి నుంచి ఎడమకు. మామూలు పిల్లవాడు కొంతకాలానికి ఈ బరువును మోయగలుగుతాడు. అక్షరానికి, శబ్దానికి మధ్య దారి పడని పిల్లవానికి ఇది నాలుగు మూటల బరువు. దివ్యఖుర్ఆన్ 'బఖర' సూరా చివరి ఆయతులో, అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం మోపడని ఉంది. అల్లాహ్ మోపని భారాన్ని మనం బెత్తం పట్టుకుని మోపడం ఏ ధర్మం?

అయితే ఆలస్యంగా చదివే ప్రతి పిల్లవానికీ డైస్లెక్సియా ఉన్నట్టు కాదు. చూపు తగ్గి ఉండవచ్చు, చెవి సరిగా వినపడకపోవచ్చు. తల్లిదండ్రులు పనుల కోసం వలస వెళ్లినందువల్ల బడి తప్పి ఉండవచ్చు. ఉపాధ్యాయుని పని గమనించడం, అనుమానించడం, సరైన చోటికి పంపడం. నిర్ధారించవలసింది నిపుణులు. ఆ గమనించే మొదటి కన్ను మాత్రం దాదాపు ఎప్పుడూ ఉపాధ్యాయునిదే.

పేరు లేని గురువులు

ఈ విషయంలో చరిత్ర మనకొక చిత్రమైన పాఠం చెబుతుంది. 1896లో ఇంగ్లాండుకు చెందిన డాక్టర్ ప్రింగిల్ మోర్గన్ ఒక వైద్య పత్రికలో పద్నాలుగేళ్ల బాలుని గురించి రాశారు. తెలివైన కుర్రవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, కాని చదవలేడు. పుట్టుకతో వచ్చే ఇలాంటి ఇబ్బందిని వైద్యలోకం దృష్టికి తెచ్చిన తొలి వ్యాసాల్లో అది ఒకటి. అందులో ఒక ముఖ్యమైన సాక్ష్యం ఉంది. ఆ బాలునికి కొన్నేళ్లుగా చదువు చెబుతున్న ఉపాధ్యాయుడు, పాఠాలన్నీ నోటి ద్వారానే సాగితే ఇతను బడిలోకెల్లా చురుకైన విద్యార్థి అయ్యేవాడని చెప్పాడట. డాక్టరు కంటే ముందు ఆ సత్యాన్ని గ్రహించినవాడు ఆ ఉపాధ్యాయుడు. నూట ముప్పై ఏళ్లుగా డాక్టరు పేరు పుస్తకాల్లో నిలిచింది. ఆ వ్యాసంలో ఉపాధ్యాయుని పేరు లేదు.

అమెరికాలోనూ ఇలాగే జరిగింది. డాక్టర్ సామ్యూల్ ఆర్టన్ 1925లో ఇలాంటి పిల్లల గురించి తన పరిశోధన ప్రచురించారు. అనా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్‌మన్ అనే ఇద్దరు మహిళలు దాన్ని తరగతి గదిలో పనికివచ్చే బోధనా పద్ధతిగా మలిచారు. అక్షరాన్ని చూడటం, దాని శబ్దాన్ని పలకడం, వేలితో దిద్దటం, ఈ మూడింటినీ కలిపి, సులభమైన శబ్దం నుంచి కష్టమైన శబ్దానికి ఒక వరుసలో నడిపించడం ఆ పద్ధతి సారం. అది ఆర్టన్, గిల్లింగ్‌హామ్‌ల పేర్లతో లోకమంతా వ్యాపించింది. స్టిల్‌మన్ పేరు అందులో చేరలేదు. మన పాత వీధిబడుల్లో పిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. మక్తబులలో తఖ్తీ మీద రెల్లు కలంతో రాయించేవారు. కనుక వేలికి, కంటికి, నాలుకకు ఒకేసారి పని చెప్పడం మన పెద్దలకు పూర్తిగా తెలియని విద్య కాదు. మనమే దాన్ని వదిలేసి, గోడకు చార్టు తగిలించి, బెత్తం పట్టుకున్నాం.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో డైస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. ప్రభుత్వ నిధులు పొందే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు వీటిని వీలైనంత తొందరగా కనిపెట్టి తగిన బోధన అందించాలని ఆ చట్టం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో సహిత విద్య పేరుతో మండలాల్లో భవిత కేంద్రాలు వెలిశాయి. వాటిలో పనిచేసే రిసోర్సు టీచర్లు ఏళ్ల తరబడి కాంట్రాక్టు పద్ధతిలోనే కొనసాగారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం రెండు వేలకు పైగా అలాంటి పోస్టులను కొత్తగా మంజూరు చేసింది. ఇవన్నీ మంచి పరిణామాలే. కాని చట్టం పోస్టును సృష్టించగలదు. అన్నం గంట కొట్టిన తర్వాత ఆ అరగంట కూర్చునే ఓపికను చట్టం సృష్టించలేదు.

మన వారసత్వం ఏం చెబుతోంది?

దివ్యఖుర్ఆన్‌లోని 'అబస' సూరా ప్రారంభాన్ని గుర్తుచేసుకోండి. దైవప్రవక్త (స) ఖురైష్ నాయకులకు ధర్మబోధ చేస్తున్న సమయంలో హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అనే అంధ సహచరుడు ఏదో నేర్చుకోవాలని వచ్చారు. నాయకులు విశ్వసిస్తే ధర్మానికి బలం చేకూరుతుందన్న సదుద్దేశంతో ఆయన (స) వారివైపే దృష్టి నిలిపారు. అల్లాహ్ ఆ సందర్భంలో ఆయతులు అవతరింపజేసి, నేర్చుకోవాలన్న తపనతో వచ్చిన ఆ వ్యక్తివైపే దృష్టి మరల్చాడు. ఆ తర్వాత ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ఫజ్ర్ అజాన్ ఇచ్చే ముఅజ్జిన్ అయ్యారు. దైవప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్లినప్పుడు మదీనాలో ఆయనను తన ప్రతినిధిగా కూడా నియమించారు. బోధకుని సమయంపై ఎవరికి ఎక్కువ హక్కు ఉందన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు ఎక్కడ దొరుకుతుంది?

ఇమామ్ షాఫయీ (రహ్మలై) శిష్యుల్లో రబీ బిన్ సులైమాన్ (రహ్మలై) అనే ఆయన ఉండేవారు. విషయం త్వరగా బోధపడేది కాదు. ఇమామ్ గారు ఒక మస్అలాను ఆయనకు నలభై సార్లు వివరించినా అర్థం కాలేదని, సిగ్గుతో ఆయన సభ నుంచి లేచి వెళ్లిపోయారని, తర్వాత ఇమామ్ గారు ఆయనను ఏకాంతంగా పిలిపించుకుని అర్థమయ్యేదాకా బోధించారని తబఖాత్ గ్రంథాలలో ఉంది. రబీ గారికి డైస్లెక్సియా ఉందని మేము అనడం లేదు. ఆలస్యంగా గ్రహించే శిష్యుణ్ణి ఆ మహనీయుడు ఎలా చూశారన్నదే ఇక్కడ ముఖ్యం. నలభై ఒకటోసారి అందరి ఎదుట చెప్పి ఆయనను సిగ్గుపడనివ్వలేదు. ఈనాడు ఇమామ్ షాఫయీ గారి 'కితాబుల్ ఉమ్' మన చేతిలో ఉందంటే అది ముఖ్యంగా ఆ రబీ గారి ఉల్లేఖనం ద్వారానే. వేగంగా గ్రహించే శిష్యులు ఎందరో ఉండగా, గురువు విద్యను తరతరాలకు మోసిన భుజం ఈ శిష్యునిది అయింది.

ఇక గురువుకు దక్కిన గుర్తింపు సంగతి. హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) కొత్తగా ఇస్లాం స్వీకరించిన రోజుల్లో తెలియక నమాజు మధ్యలో మాట్లాడారు. నమాజు ముగిశాక దైవప్రవక్త (స) ఆయనను కసరలేదు, కొట్టలేదు, దూషించలేదు. నమాజులో ఏది తగదో మెత్తగా బోధించారు. అంతకు ముందు గాని, ఆ తర్వాత గాని అంత మంచి బోధకుణ్ణి తాను చూడలేదని ఆ సహచరుడు సాక్ష్యమిచ్చారు. ముస్లిం గ్రంథంలోని హదీసు ఇది. ఆ సాక్ష్యం చెప్పింది ఎవరో గమనించండి. అది మొదటి శ్రేణి విద్యార్థి పలికిన ప్రశంస కాదు, అందరి ముందూ పొరపాటు చేసి, అవమానం పాలు కాకుండా నిలబడిన విద్యార్థి సాక్ష్యం. బోధకుణ్ణి కొలవడానికి ఇదే సరైన కొలబద్ద అని మాకు అనిపిస్తుంది.

మూడు అభ్యంతరాలు

ఈ మాటలు చెప్పినప్పుడు మన పెద్దల నుంచి సాధారణంగా మూడు అభ్యంతరాలు వినవస్తుంటాయి.

మొదటిది, ఆమె జీతం తీసుకుంటోంది గనుక తన పని తాను చేసింది, దానికి వేరే కృతజ్ఞత ఎందుకు అన్నది. తల్లిదండ్రులు బిడ్డను పెంచడం కూడా వారి బాధ్యతే. అయినా 'లుఖ్మాన్' సూరాలో అల్లాహ్ తనకు కృతజ్ఞత తెలపమని, తల్లిదండ్రులకూ కృతజ్ఞత తెలపమని ఆదేశించాడు. ఒక పని బాధ్యత అయినంత మాత్రాన దాని మేలు పొందినవారి మెడ మీది రుణం తీరదు. పైగా మధ్యాహ్నం అరగంట ఏ జీతంలోనూ లేదు. బద్ర్ యుద్ధం తర్వాత పరిహారం చెల్లించలేని, చదువు వచ్చిన ఖైదీలకు దైవప్రవక్త (స) మదీనా పిల్లలకు రాయడం నేర్పితే విడుదల చేస్తామన్నారు. అక్షరం నేర్పడానికి ఆయన (స) కట్టిన వెల ఒక మనిషి స్వేచ్ఛ. మనం ఆ పనికి ఏ వెల కడుతున్నాం?

రెండవది మరింత లోతైనది. సత్కార్యం అల్లాహ్ ప్రసన్నత కోసమే చేయాలి, సన్మానాలు, పొగడ్తలు ప్రదర్శనాబుద్ధికి దారితీస్తాయి గనుక గుర్తించకుండా ఉండటమే మంచిది కదా అన్నది. 'దహ్ర్' సూరాలో అల్లాహ్ తన ప్రియదాసులను వర్ణించాడు. వారు నిరుపేదలకు అన్నం పెడుతూ, మీ నుంచి ప్రతిఫలం గాని, కృతజ్ఞత గాని కోరడం లేదని భావిస్తారు. జాగ్రత్తగా చూస్తే ఇది అన్నం పెట్టినవారి మాట. అన్నం తిన్నవారి మాట కాదు. ప్రజలకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞుడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఇది మేలు పొందినవారి మీద ఉన్న విధి. చిత్తశుద్ధి చేసినవారి పరీక్ష, కృతజ్ఞత పొందినవారి పరీక్ష. వారి చిత్తశుద్ధిని అడ్డుపెట్టుకుని మన లోభాన్ని దాచుకోవడం ధర్మం కాదు. మంచిపని చేసిన మనిషిని జనం మెచ్చుకుంటే అదేమిటని అడిగినప్పుడు, అది విశ్వాసికి ముందుగా అందిన శుభవార్త అని ఆయన (స) చెప్పినట్టు ముస్లిం గ్రంథంలో ఉంది. ముఖం మీద అతిగా పొగడటాన్ని కూడా ఆయనే (స) వారించారు. కాబట్టి సత్యమైనంత చెప్పాలి, అతి చేయకూడదు. అసలు చెప్పకుండా ఉండటం మాత్రం వినయం అనిపించుకోదు.

ఆ టీచరమ్మ ముస్లిం కాకపోవడం కూడా ఇక్కడ అడ్డు కాదు. హదీసులో ప్రజలకు అన్నారు గాని, విశ్వాసులకు మాత్రమే అనలేదు. తాయిఫ్ నుంచి తిరిగి వచ్చినప్పుడు మక్కాలో తనకు రక్షణ కల్పించిన ముత్ఇమ్ బిన్ అదీ ఇస్లాం స్వీకరించకుండానే మరణించాడు. అయినా బద్ర్ ఖైదీల విషయంలో, అతనే బతికి ఉండి అడిగితే వీరందరినీ అతని కోసం వదిలేసేవాణ్ణని దైవప్రవక్త (స) అన్నారు. చనిపోయిన వ్యక్తి చేసిన మేలును కూడా ఆయన (స) బహిరంగంగా గుర్తుచేసుకున్నారు.

మూడవది తల్లిదండ్రుల అభ్యంతరం. ఒక్క పిల్లవాని కోసం టీచరు అంత సమయం వెచ్చిస్తే మిగతా ముప్పై తొమ్మిది మందికి అన్యాయం కాదా అని అడుగుతారు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఉపాధ్యాయుని సమయం అందరిదీ. అయితే న్యాయమంటే అందరికీ ఒకే కొలతలో వడ్డించడమేనా? హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)ను తన జాతికి ఇమామ్‌గా నియమించినప్పుడు, వారిలో అందరికంటే బలహీనుణ్ణి దృష్టిలో పెట్టుకుని నమాజు చేయించమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. తరగతి గదిలో ఉపాధ్యాయుడు కూడా ఇమామే. వెనకబడినవాణ్ణి గమనిస్తూ నడిచే ఇమామ్ వెనక బలవంతులకు నష్టమేమీ జరగదు. శబ్దం విడదీసి, చూపించి, దిద్దించి చెప్పే పాఠం మిగతా పిల్లలకూ మేలే చేస్తుంది. ఒక్కనికోసం విడిగా కావలసిన అరగంట భారాన్ని మాత్రం ఒక్క టీచరు మీద వదిలేయకూడదు. దాన్ని బడి, ప్రభుత్వం, సమాజం కలిసి మోయాలి.

ఎలా గుర్తించాలి?

ఏటా పరీక్షా ఫలితాలు రాగానే ఊళ్లలో ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లల ఫోటోలు, పక్కన బడి పేరు. సంతోషమే. కాని పరుగెత్తగల పిల్లవాణ్ణి పదడుగులు ముందుకు పంపినవారికి పూలదండ వేస్తున్నాం, నిలబడలేని పిల్లవాణ్ణి రెండడుగులు నడిపించినవారిని చూడటం లేదు. బోధకుని శ్రమను పిల్లవాడు చేరిన చోటుతో కాక, అతడు బయలుదేరిన చోటు నుంచి నడిచిన దూరంతో కొలవాలి.

అయితే ఒక జాగ్రత్త అవసరం. గురువును గౌరవించే నెపంతో పిల్లవాణ్ణి వేదిక ఎక్కించి, వీడు చదవలేకపోయేవాడు, ఇప్పుడు చదువుతున్నాడని చాటకూడదు. తోటివాని లోపాన్ని కప్పిపుచ్చినవాని లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పివేస్తాడని హదీసులో ఉంది. ఇమామ్ షాఫయీ (రహ్మలై) రబీ గారిని ఏకాంతంగా పిలిచిన మర్యాదను సన్మానసభలు కూడా పాటించాలి. పని చెప్పాలి, పిల్లవాని పేరు చెప్పకూడదు.

ఇంటివారు చేయగలిగింది సులువైనదే. బడికి వెళ్లి రెండు మంచి మాటలు నేరుగా చెప్పండి. వీలైతే ఆమె ఏం చేశారో రాసి ప్రధానోపాధ్యాయునికో, మండల విద్యాధికారికో ఒక ఉత్తరం ఇవ్వండి. మేలు చేసినవారికి బదులు మేలు చేయలేకపోతే వారికోసం దుఆ చేయమని దైవప్రవక్త (స) నేర్పారు. ఆ దుఆను పిల్లవానికి కూడా నేర్పండి.

మస్జిదు, మదర్సా కమిటీల బాధ్యత ఇంకా పెద్దది. సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం, నవంబరు 11 మౌలానా అబుల్ కలాం ఆజాద్ జయంతి. ఈ రోజుల్లో జరిపే సభల్లో ఒక్క శాలువా అయినా ఇలాంటి బోధకులకు దక్కాలి. అంతకంటే ముఖ్యం, మన మక్తబ్ ఉస్తాదుకు సరైన జీతం ఇవ్వాలి, ఒక్కరి మీద అరవైమంది పిల్లలను వదిలేయకూడదు, దగ్గరలోని భవిత కేంద్రానికి పంపి ఈ పద్ధతులు చూసి రమ్మనాలి. శాలువా కప్పి చేతులు కట్టేయడం గుర్తింపు కాదు, చేతికి పనిముట్టు ఇవ్వడం గుర్తింపు.

అన్నిటికంటే గొప్ప గుర్తింపు ఒకటుంది. పగలు బడిలో ఆమె వేసిన దారిని సాయంత్రం మక్తబ్‌లోనూ, రాత్రి ఇంట్లోనూ మనం చెరిపేయకుండా ఉండాలి. మధ్యాహ్నం ఆమె ధైర్యం చెప్పి పంపిన పిల్లవాణ్ణి మొద్దు అని పిలిస్తే, ఆమె అరగంట శ్రమ ఒక్క మాటతో మట్టిపాలవుతుంది. ఆమె శాలువా అడగలేదు. కొట్టవద్దని అడిగింది. ఆ మాట నిలబెట్టడమే మేము ఆమెకు చెల్లించవలసిన మొదటి బాకీ.

బదిలీ అయిన కొన్ని నెలలకు ఆ అబ్బాయి తల్లి దగ్గర నంబరు తీసుకుని ఆమెకు ఫోను చేశాము. జల్సాకు పిలవనందుకు క్షమించమని, ఆలస్యంగానైనా కృతజ్ఞతలు చెప్పాలనుకున్నామని అన్నాము. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. "వాడు ఇప్పుడు ఎట్లా చదువుతున్నాడు?" అని అడిగారు. నూరానీ ఖాయిదా సగం దాటాడని, మా మక్తబ్‌లో కూడా ఒక ఇసుక పళ్లెం పెట్టామని చెప్పాము. కాసేపు ఊరుకుని, "కొట్టడం లేదు కదా మౌలానా గారూ?" అన్నారు. లేదని చెప్పగలిగినందుకు ఆ రోజు అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలుపుకున్నాము.

తడబడుతూ చదివేవానికి రెండు పుణ్యాలని శుభవార్త అందింది. ఆ తడబాటు పక్కన కూర్చుని, విసుక్కోకుండా వేలు పట్టి దిద్దించినవారికి ఎంత ప్రతిఫలం ఉంటుందో అల్లాహ్‌కే తెలుసు. ఆయన దగ్గర ఏ మంచీ వృథా కాదు. మన దగ్గర మాత్రం వృథా అవుతోంది. దాన్ని సరిదిద్దుకునే వివేకాన్ని, మేలు చేసినవారిని గుర్తించే హృదయాన్ని, బలహీనుణ్ణి చూసి అడుగు తగ్గించే ఓపికను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.